అమ్ముడుపోతేనే ఫీజు.. పెట్టినందుకే అంటే వద్దు

పోయిన నెల నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. నేను పాత పుస్తకాలు వేలానికి పెట్టే సైటోళ్లు పంపిన్రు. ఇన్నేండ్లు ఫ్రీగా నడిపినం, ఇగ నడపలేకపోతున్నం, అమ్మేటోళ్ల దగ్గర ఫీజు తీసుకుందామనుకుంటున్నం, మీరేమంటరు అని అడిగిన్రు. కింద మూడు గడులు ఉన్నయి. ఒకటి, వస్తువు పెట్టిన ప్రతిసారి ఫీజు. రెండు, అమ్ముడుపోతే కమీషన్. మూడు, ఏ ఫీజూ వద్దు, ఎప్పటి లెక్కనే ఫ్రీ. ఒకదానికి టిక్ పెట్టాలె.

నా వేలు ముందుగాల మూడో గడి మీదికే పోయింది. ఫ్రీ అంటే ఎవరికి చేదు? కానీ మా అమ్మ యాదికొచ్చి ఆగిన.

మా అమ్మ వారం అంగడిలో కూరగాయలు అమ్మేది. పొద్దుగాల గంప దించి కుప్పలు పోస్తుండంగనే తై బజార్ గుత్తేదారు మనిషి వచ్చి చిట్టి చింపేటోడు. బోణీ కాకముందే పైసలు కట్టాలె. వాన కొట్టిన రోజు సగం గంప మల్ల ఇంటికే వచ్చేది. చిట్టి పైసలు మాత్రం వాపస్ వచ్చేటివి కావు. అదే మా నాయిన వడ్లు అమ్మే అడ్తి కాడ కాంటా అయినంకనే కమీషన్ కోసుకునేటోళ్లు. ఆ కమీషన్ ఎక్కువా తక్కువా అన్నది వేరే ముచ్చట. సరుకు అమ్ముడుపోకుంటే అడ్తిదారుకు కూడా ఏమీ మిగలదు. ఫీజు గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండింటి నడుమ తేడాలోనే ఉన్నది.

ఫ్రీకి కూడా ఖరీదు ఉంటది

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్త. మిగిలిన ఆరు రోజులు ఇంట్ల కూసుని ఫొటోలు తీసి వేలానికి పెడుత. ఫ్రీ సైట్ లేకుంటే నా పుస్తకం ఆదిలాబాద్‌లో ఉన్న మాస్టారుకో, అమెరికాలో ఉన్న తెలుగాయనకో కనిపించేది కాదు. ఆ మేలు నేను మర్వ.

కానీ ఆ ఫ్రీలో ఏం దొరికిందో కూడా చెప్పాలె. ఒకసారి రెండు సంపుటాల పాత నిఘంటువు పెట్టిన. సర్కారు పాట 600. మూడు రోజుల్లో 3,200 దాకా పోయింది. ఇంట్ల అందరికీ చెప్పుకున్న. గెలిచినాయన ఫోన్ ఎత్తలేదు. రెండో పాట పాడినాయనకు చేస్తే, ఇంకో కాడ కొనుక్కున్న అన్నడు. తర్వాత చూస్తే గెలిచినాయన ఖాతా ఆ వారమే తెరిచింది. ఊరికే ధర పెంచి పోయిన దొంగ పాట అది. ఆ నిఘంటువును ఆఖరికి ఫుట్‌పాత్ మీద 900కు ఇచ్చిన.

నాకు తెలిసిన ఇంకో ఆయన పాత రేడియో పెట్టిండు. కొంటనని ఫోన్ చేసినోడు, పైసలు పంపుతున్న, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు అన్నడు. వచ్చేటివి రాలేదు, ఉన్నయి పోయినయి. చదివేటోళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలె. పైసలు మనకు రావాలంటే పిన్ కొట్టే పని ఎన్నడూ ఉండదు. మోసపోతే ఆలస్యం చేయకుండ 1930కు ఫోన్ చేయాలె.

ఈ రెండు సంగతులూ సైటోళ్లకు రాసినం. మేం వేదిక మాత్రమే, లావాదేవీతో మాకు సంబంధం లేదు అని తయారుగ పెట్టుకున్న జవాబు వచ్చింది. కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నేను వాళ్లకు ఒక్క రూపాయి ఇయ్యలేదు, నా ఫిర్యాదు చూసేటందుకు వాళ్లు మనిషిని ఏ పైసలతో పెట్టుకుంటరు అనిపించింది. ఫొటోలు దాచే సర్వర్లకు, ఓటీపీ మెసేజ్‌లకు, దొంగ ఖాతాలు ఏరేసే మనుషులకు, అన్నిటికీ ఖర్చే. యూపీఐ ఫ్రీగా నడుస్తున్నది గద అని కొందరు అంటరు. 2020 జనవరి నుంచి దాని మీద చార్జీ వద్దని సర్కారే చెప్పింది, బ్యాంకులకు బడ్జెట్ నుంచి ప్రోత్సాహకం ఇస్తున్నది. వేలం సైట్ వెనక సర్కారు లేదు.

ఈబే కూడా ఫ్రీగనే మొదలైంది

ఈ పంచాయితీ కొత్తది కాదు. ప్రపంచంలో పెద్ద పేరున్న ఈబేను 1995 సెప్టెంబర్‌లో పియరీ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ అమెరికాలో మొదలుపెట్టిండు. అప్పుడు దాని పేరు ఆక్షన్ వెబ్. ఏ ఫీజూ లేదు. తొలుత అమ్ముడుపోయింది ఒక చెడిపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. జనం పెరిగినంక ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ నెల బిల్లును 250 డాలర్లు చేసింది. ఆ భారం మొయ్యలేక 1996 ఫిబ్రవరిలో ఫీజు పెట్టిండు.

పెట్టిన తీరు చూడాలె. ఆయన తీసుకున్నది అమ్ముడుపోయిన ధరలో వాటా. అప్పటికి ఆన్‌లైన్‌లో కట్టే సౌకర్యం లేదు. అమ్మినోళ్లు కవర్లలో చెక్కులు, చిల్లర నాణేలు పెట్టి పోస్టులో పంపిన్రు. ఎగ్గొట్టాలంటే ఎగ్గొట్టవచ్చు. అయినా కట్టిన్రు, ఎందుకంటే తమ సరుకు అక్కడ అమ్ముడుపోయింది. అదే నెలలో ఒకరి గురించి ఒకరు మంచీ చెడూ రాసుకునే ఫీడ్‌బ్యాక్ పద్ధతి కూడా తెచ్చిండు. ఫీజూ, నమ్మకమూ కలిసే వచ్చినయి. వస్తువు పెట్టినందుకు ఫీజు ఆ తర్వాతి సంగతి.

రెండు యాహూలు.. రెండు తీర్లు

యాహూ కథ ఇంకా మంచి పాఠం. ఒకే పేరు, రెండు దేశాలు, ఫలితం మాత్రం వేర్వేరు.

అమెరికాలో యాహూ 1998లో వేలం సైట్ పెట్టింది. ఈబే ఫీజు తీసుకుంటుంటే యాహూ ఫ్రీ అన్నది. సరుకు కుప్పలుగా వచ్చింది. 2001 జనవరిలో వస్తువు పెట్టినందుకే ఫీజు మొదలుపెట్టింది. వెంటనే లిస్టింగులు కుప్పకూలినయి. అమ్మేటోళ్లు అక్కడ ఉన్నది ఫ్రీ కాబట్టే. కొనేటోళ్లు ఎక్కువ ఉన్నది ఈబేలో. ఫీజు కట్టేదుంటే జనమున్న కాడనే కడతం గద! 2005లో మల్ల ఫ్రీ చేసిన్రు. పోయినోళ్లు తిరిగి రాలేదు. 2007లో అమెరికా సైట్ మూసేసిన్రు.

జపాన్‌లో యాహూ 1999లో ఫ్రీగా మొదలైంది. మరుసటేడు ఈబే ఫీజుతో వచ్చింది. అప్పటికే కొనేటోళ్లు, అమ్మేటోళ్లు యాహూ కాడ జమైన్రు. ఈబే నిలబడలేక 2002 మార్చిలో జపాన్ విడిచిపోయింది. యాహూ జపాన్ 2001లో నెలకు 280 యెన్లు తీసుకునుడు షురూ చేసింది. ఎందుకో కారణం కూడా చెప్పింది: మోసాలు పెరిగినయి, మనిషి ఎవరో సరిచూసే ఖర్చు ఇది అని. ఆ తర్వాత 2002లో వస్తువుకు 10 యెన్లు, అమ్ముడుపోతే 3 శాతం పెట్టింది. సైట్ కూలలేదు, ఇప్పటికీ నడుస్తున్నది.

నాకు సమజైంది ఏందంటే, గిరాకీ ఉన్న కాడ ఫీజు తీసుకున్నా నడుస్తది. గిరాకీ లేని కాడ ఫ్రీ ఒక్కటే పట్టి ఉంచుతది. దాన్ని కూడా తీసేస్తే అంగడి లేచిపోతది. ఆబిడ్స్‌లో కూసునే జాగా కోసం మేం కొట్లాడుకుంటం. పక్క గల్లీలో ఊరికే కూసోమన్నా ఎవరూ కూసోరు.

చైనాలో ఫ్రీ గెలిచింది.. కానీ ఎట్ల?

ఫ్రీనే ఉంచాలె అనేటోళ్లు టావోబావోను చూపిస్తరు. అలీబాబా 2003 మేలో దాన్ని తెచ్చి మూడేండ్లు ఫీజు లేదన్నది. చైనాలో ఈచ్‌నెట్‌ను చేతికి తీసుకున్న ఈబే ఫీజు తీసుకుంటున్నది. 2005లో టావోబావో ఇంకో మూడేండ్లు ఫ్రీ అన్నది. 2006 డిసెంబర్‌లో ఈబే చైనాలో తన సొంత సైట్ మూసేసి అక్కడి కంపెనీతో కలిసిపోయింది.

ఫ్రీ గెలిచింది నిజమే. కానీ ఆ గెలుపులో ఇంకో ముచ్చట ఉన్నది. అలీబాబా 2003లోనే అలీపే తెచ్చింది. కొన్నాయన పైసలు ముందు అలీపే కాడ ఉంటయి, సరుకు చేరినంకనే అమ్మినాయనకు పోతయి. ముక్కు మొఖం తెల్వని మనుషుల నడుమ ఆ పద్ధతే నమ్మకం తెచ్చింది. నా నిఘంటువుకు, ఆ రేడియోకు అట్లాంటి ఏర్పాటు ఉంటే దొంగ పాట పాడినోడు, క్యూఆర్ కోడ్ పంపినోడు ఇద్దరూ దొరికిపోయేటోళ్లు.

మరి ఫ్రీ ఇచ్చిన టావోబావో పైసలు ఎట్ల సంపాదించింది? 2006 మేలో, వెతికితే మీ సరుకు పైన కనిపించాలంటే పైసలు పెట్టండి అన్నది. ఇది దొంగదారి ఫీజే అని అమ్మేటోళ్లు తిరగబడ్డరు. ఓటింగ్ పెట్టి, జూన్‌లో ఆ పథకాన్ని వెనక్కి తీసుకున్నరు. కానీ ఆ దారి మాత్రం మూసుకోలేదు. ఆ తర్వాత అలీబాబా ఆమ్దానీలో ప్రకటనలే పెద్ద పిల్లరు అయినయి. 2011 అక్టోబర్‌లో టావోబావో మాల్ ఏడాది ఫీజును 6 వేల యువాన్ల నుంచి 30 వేలు, 60 వేలు చేస్తే చిన్న వ్యాపారులు మల్ల లేచిన్రు. పెద్ద దుకాణాలకు ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టి ఆగం చేసిన్రు. పాతోళ్లకు గడువు పెంచక తప్పలేదు.

ఫ్రీ అన్న బోర్డు కింద ప్రకటనల ఫీజు పెడితే పెద్దోనికే లాభం. పుస్తకానికి 200 వచ్చే నాలాంటోడు పైన కనిపించేటందుకు రోజూ ఎంత పెడతడు? పెట్టకుంటే నా పుస్తకం ఎనిమిదో పేజీలో పడి ఉంటది. పెట్టినందుకు ఫీజు లేదు, నిజమే. కనిపిస్తే గద అమ్ముడుపోయేది!

మన దేశంలో కూడా ఇదే నడుస్తున్నది. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొన్నది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వచ్చింది, 2018 ఆగస్టులో మూతపడ్డది. మీషో 2021లో కమీషన్ సున్నా అన్నది. 2025 ఏప్రిల్‌లో అమెజాన్ 300 రూపాయల లోపు సరుకుల మీద రెఫరల్ ఫీజు తీసేసింది. చిన్నోళ్లకు ఇవి మేలు చేసినయి. కానీ ఇవి పంచెకు అంచు తీసేసినట్టే, పంచె మిగిలే ఉంటది. ప్రకటనలు, రవాణా, ఇంకేదో పేరు మీద ఆమ్దానీ వచ్చుడు ఆగదు.

కొనేటోళ్ల మీద వేస్తే?

ఫీజు అమ్మేటోళ్ల మీద ఎందుకు, కొనేటోళ్ల మీద వేయచ్చు గద అని ఇంకొందరు అంటరు. బ్రిటన్‌లో ఈబే అదే చేసింది. 2024 అక్టోబర్‌లో ఇంట్ల సామాన్లు అమ్ముకునే మామూలు మనుషులకు ఫీజు తీసేసింది. 2025 ఫిబ్రవరిలో కొనేటోళ్ల రక్షణ పేరుతో ఆ భారాన్ని కొనే ధరకు కలిపింది.

ఇది మన మార్కెట్ యార్డు తెలిసినోళ్లకు కొత్త కాదు. చట్టం ప్రకారం మార్కెట్ ఫీజు కట్టేది కొనే వ్యాపారి. రైతు కాదు. కానీ పసుపు కుప్ప ముందు నిలబడి పాట పాడే వ్యాపారి తన ఫీజు లెక్కేసుకునే ధర చెప్తడు. వేలంలో ఎప్పుడైనా అంతే. నా పుస్తకానికి 210 దాకా పెట్టచ్చు అనుకున్న మనిషి, మీద 10 రూపాయల ఫీజు ఉందంటే 200 కాడనే ఆగుతడు. రశీదు ఎవరి పేరు మీద ఉన్నా, తగ్గేది ఎక్కువగా నాకొచ్చే పైసలే. కాబట్టి కొనేటోళ్లు కడతరులే అని సంబురపడేది ఏమీ లేదు.

కాగితం మీద లెక్క

నా సొంత లెక్క చెప్త. నెలకు 100 పుస్తకాలు వేలానికి పెడితే 25 అమ్ముడుపోతయి అనుకోండి. సగటున 200. మొత్తం 5,000. వాటిని కొన్నందుకు 2,500, ప్యాకింగ్‌కు 500 తీసేస్తే మిగిలేది 2,000. పోస్టు ఖర్చు కొన్నాయనదే.

పెట్టిన ప్రతి పుస్తకానికి 5 రూపాయల ఫీజు అంటే 100 పుస్తకాలకు 500. సైటోళ్ల ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటది. నాలాంటి రిజిస్ట్రేషన్ లేనోనికి అది వాపస్ రాదు. అంటే 590. నా 2,000లో దగ్గర దగ్గర 30 శాతం పాయె. మిగిలిన 75 పుస్తకాలు వచ్చే నెల మల్ల పెడితే మల్ల ఫీజు. అమ్మ గంప ఇంటికొచ్చిన రోజు కూడా చిట్టి పైసలు పోయినట్టే.

అదే అమ్ముడుపోయిన ధర మీద 5 శాతం అయితే 250, జీఎస్టీతో 295. భారమే, కానీ సగం. అన్నిటికంటే ముఖ్యం, నా పుస్తకం అమ్ముడుపోతేనే సైటుకు పైసలు. అప్పుడు కొనేటోళ్లను తెచ్చుడు, దొంగ పాటలు ఆపుడు వాళ్ల అవసరం కూడా అయితది. పెట్టినందుకే ఫీజు అయితే నాది అమ్ముడుపోయినా పోకున్నా వాళ్లకు ఒక్కటే.

దీనికి రెండు అభ్యంతరాలు ఉన్నయి. రెండూ నిజమే.

మొదటిది, పెట్టినందుకు ఫీజు లేకుంటే చెత్త నిండుతది అంటరు. ఒకే వస్తువును పదిసార్లు పెట్టేటోళ్లను నేనూ చూసిన. దానికి మందు ఉన్నది. నెలకు ఇన్ని వస్తువుల దాకా ఫ్రీ, అంతకు మించితే ఫీజు అని హద్దు పెట్టాలె. చిన్నోడు హద్దు దాటడు, గుట్టలుగా పోసేటోడు కడతడు.

రెండోది, కమీషన్ పెడితే సైట్‌లో చూపించి బయట అమ్ముకుంటరు అంటరు. ఇది కూడా జరుగుతది. నంబర్లు దాచి, హెచ్చరికలు పెట్టి దీన్ని పూర్తిగా ఆపలేరు. పైసలు సైట్ కాడ భద్రంగా ఉండి, సరుకు చేరినంక నాకొస్తయి అంటే నేను బయటికి ఎందుకు పోత? నిఘంటువు కాడ నేను పోగొట్టుకున్నది 2,300. ఆ పాట నిజమైతే 5 శాతం కమీషన్ 160 రూపాయలు. ఆ 160 నేను సంతోషంగా ఇస్తుంటి.

నేను పెట్టిన షరతులు

రెండో గడికి టిక్ పెట్టిన. కింద ఖాళీ జాగాలో ఇవి రాసి పంపిన.

1. కమీషన్ అమ్ముడుపోయి పైసలు అందినంకనే తీసుకోవాలె. కొన్నాయన ఎగ్గొడితే కమీషన్ వద్దు.

2. శాతం ఎంతైనా, ఒక వస్తువుకు ఇంతకు మించదు అని గరిష్ఠ హద్దు ఉండాలె. జీఎస్టీ కలిపి ఎంత పడుతదో వస్తువు పెట్టేటప్పుడే చూపించాలె.

3. పాట పాడేటోని గుర్తింపు సరిచూడాలె. గెలిచి కట్టనోడు రెండోసారి పాడకుండ ఆపాలె. పెద్ద ధరలకు ముందుగాల కొంత బయానా తీసుకోవాలె.

4. కొనేటోళ్ల ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలె, నెలలో తేల్చాలె అని 2020 ఈ-కామర్స్ రూల్స్ చెప్తున్నయి. ఫీజు కట్టే మాకు కూడా అదే గడువు ఇయ్యాలె. తయారు జవాబు కాదు, మనిషి మాట్లాడాలె.

5. వెతికితే పైసలు కట్టినోళ్లవే పైన కనిపించే పని చేయద్దు. చేస్తే ప్రకటన అని పెద్దక్షరాలతో రాయాలె. కమీషన్ కూడా తీసుకుని, ప్రకటన పైసలు కూడా గుంజుతే రెండు దిక్కులా కోసుడే.

6. ఫీజు పెంచేదుంటే మూడు నెలల ముందు చెప్పాలె. మేం ఉండాలన్నా పోవాలన్నా టైమ్ కావాలె. పోయేటోళ్లకు ఇన్నేండ్ల ఫీడ్‌బ్యాక్‌ను కాగితంగా ఇయ్యాలె.

ఆరో షరతు కాడ కొందరు తోటి అమ్మకందార్లు నవ్విన్రు. ఫీడ్‌బ్యాక్ ఎందుకు అని. ఫ్రీ సైట్‌లో నేను కట్టిన కిరాయి అదే. పదేండ్లు మాట తప్పకుండ పుస్తకాలు పంపి తెచ్చుకున్న పేరు ఆ సైట్‌లో ఉన్నది. రేపు వాళ్లు ఎంత ఫీజు అన్నా నేను కదలలేనిది ఆ పేరు వల్లనే. ఫ్రీగా ఇచ్చిన ఏ సైటైనా ఆఖరికి మనల్ని పట్టి ఉంచేది అక్కడనే. అందుకే ఫీజు ఎంత అన్నదాని కంటే ముందు, నచ్చకుంటే లేచిపోయే దారి ఉన్నదా అని అడగాలె.

వాళ్ల జవాబు ఇంకా రాలేదు. ఒకవేళ పెట్టినందుకే ఫీజు అంటే, నేను ఆదివారం ఆబిడ్స్‌కు ఇంకో గోనె సంచి ఎక్కువ పట్టుకపోత. బోణీ కాకముందే చిట్టి కట్టుడు మా అమ్మతోనే అయిపోయింది.